జనరేటరు కదలనంది

గురువారం పొద్దున్నే పొయ్యి పక్కన కూర్చుని, వేడి మాతె కషాయం గొట్టంతో పీలుస్తూ, రొసమెల్ బార్రియా ఆ రోజు కార్యక్రమాన్ని భార్యకు వివరించాడు. తొమ్మిదింటికి లారీ వస్తుంది. పదింటికల్లా జనరేటరు ఇంటి వెనక తను కట్టిన షెడ్డులో కూర్చుంటుంది. పన్నెండింటికి నొల్బెర్తో వచ్చి తీగలు కలుపుతాడు. సాయంత్రం, కరెంటు ఉన్నా సరే, మెయిన్ ఆపేసి ఇద్దరూ సొంత వెలుతురులో కూర్చుని భోంచేస్తారు.

"సరే," అంది ఒర్ఫెలీనా, బంగాళాదుంపలు తురుముతూ.

ఆ సరేలో నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ మొగుడి పథకాలు చాలానే విన్నది. ఆయన పట్టుపట్టాడంటే ఎవరి మాటా చెవిన వేసుకోడనీ, ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆయన వంశంలోనే లేదనీ ఆవిడకు తెలుసు.

భూమికి దక్షిణపు కొసవైపున్న మా చిలోయె ద్వీపంలో జూన్ వచ్చిందంటే చలీ గాలీ వానా ఒక్కసారే దిగుతాయి, కరెంటు పోతుంది. అదిక్కడ ఎవరికీ వార్త కాదు. కానీ కిందటి చలికాలం వరసగా అయిదు రోజులు పోయింది. ఫ్రీజరులో దాచుకున్న సగం పందీ, బస్తాడు ఆల్చిప్పలూ పాడైపోయాయి. కుక్కలకు పెడితే అవి కూడా వాసన చూసి మర్యాదగా తప్పుకున్నాయి. అయిదో రోజు సాయంత్రం, ఆఖరి కొవ్వొత్తి కరిగిపోయాక, ఒర్ఫెలీనా ఒకే ఒక్క మాట అంది.

"వచ్చే చలికాలం కూడా నన్నిలా చీకట్లో కూర్చోబెట్టావంటే, పుఎర్తో మోంత్‌లో మా అక్క దగ్గరికి పోతా. సెప్టెంబరు దాకా రాను."

ఆవిడ ఏ మాటైనా రెండోసారి చెప్పదు. ఆ స్వరంతో చెప్పిన మాటలు మొత్తం కాపురంలో మూడే మూడు. సిగరెట్లు మానకపోతే పశువుల కొట్టంలో పడుకోవాలని ఒకటి. రొసమెల్ పదకొండు రాత్రులు దూడతో పాటు పడుకుని పన్నెండో రోజు మానేశాడు. రెండో మాట సంగతి ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. ఇది మూడోది. ఆవిడ ఓసారి కంటి ఆపరేషనుకు రెండు రోజులు వెళ్తే ఆయన బూట్లతోనే కుర్చీలో నిద్రపోయాడు, బంగాళాదుంప ఎంతసేపు ఉడకాలో తెలియక పచ్చిదే తిన్నాడు. మూడు నెలలు ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఉండటం ఆయన ఊహకు అందలేదు. అందుకే ఊహించడం మానేసి జనరేటరు వెతకడం మొదలుపెట్టాడు.

బుద్ధున్నవాడైతే ఒక చేత్తో మోసుకెళ్ళే చిన్న పెట్రోలు జనరేటరు కొనుక్కునేవాడు. రొసమెల్‌కు అలాంటిది ఆనలేదు. సాల్మన్ చేపల పెంపక కేంద్రం ఒకటి మూతపడిందని విని, అక్కడున్న డీజిలు జనరేటరును ఒక కోడెదూడకు మార్చుకున్నాడు. దాని బరువు తొమ్మిది వందల కిలోలు. అది ఒకప్పుడు పన్నెండు చేపల చెరువులకూ, నలభై మంది పనివాళ్ళ గదులకూ కరెంటు ఇచ్చిన యంత్రం. ఇప్పుడు దానికి అప్పగించబోయే పని మూడు బల్బులూ ఒక ఫ్రీజరూ.

లారీ నిజంగానే తొమ్మిదింటికి వచ్చింది. అయితే పైన రోడ్డు మీదే ఆగింది. రొసమెల్ ఇల్లు రోడ్డుకు మూడు వందల మీటర్ల కింద, వాలు దిగాక సముద్రపు ఒడ్డున ఉంటుంది. ఆ వాలంతా మోకాలిలోతు బురద.

"అందులోకి దిగితే మళ్ళీ వేసవిలోనే పైకొస్తా," అన్నాడు డ్రైవరు. బస్సు ఆగేచోట ఎప్పుడో షెల్టరు కోసమని పోసి వదిలేసిన సిమెంటు అరుగు ఒకటుంది. క్రేనుతో జనరేటరును దాని మీద దించి, పడవ వేళయిందంటూ వెళ్ళిపోయాడు.

రొసమెల్ యంత్రం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒకసారి భుజం ఆనించి తోశాడు. తన బూట్లు వెనక్కి జారాయి తప్ప అది కదలలేదు. "సరే, ఎడ్లు కట్టి దించుదాం," అనుకున్నాడు. రెండు జతలు చాలు. ఇక్కడిదాకా ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

మా వైపు సాయం అడగడానికి ఒక పద్ధతి ఉంది. పని ఉన్నవాడు స్వయంగా ఇంటికెళ్ళి, టోపీ తీసి అడగాలి. అడిగినవాణ్ణి కాదనకూడదు. పిలిచినవాళ్ళు కడుపునిండా భోజనం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, అడిగించుకున్నవాడు ఎందుకని ఎదురు అడక్కూడదు. అడిగాడంటే సాయానికి లెక్క చూసుకుంటున్నాడని అర్థం. ఆ మాట ఊళ్ళో పదేళ్ళు నిలిచిపోతుంది.

రొసమెల్ ముందు ఒడ్డు వెంట కాస్త దూరంలో ఉన్న బాల్దొమెరో ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"బావా, శనివారం నీ ఎడ్లు కావాలి."

"తోలుకొస్తా. ఇంకేమన్నా తేవాలా?"

"మోకులుంటే తీసుకురా. ముందు ఇంటి దగ్గరికి రండి, ఒర్ఫెలీనా వేడిగా ఏదైనా పెడుతుంది."

ఒక జత అయింది. రెండో జత హెర్మిందాది. ఆవిడ భర్త పోయినప్పటి నుంచీ వ్యవసాయం ఒంటిచేత్తో నడుపుతున్న పెద్దావిడ. ఊళ్ళో అంత బలమైన ఎడ్లు మరొకరికి లేవు. అయితే బాల్దొమెరో ఇంటికీ హెర్మిందా ఇంటికీ మధ్య మూడు ఇళ్ళున్నాయి, మూడింటికీ కిటికీలున్నాయి. టోపీ చేత్తో పట్టుకుని ఒక గుమ్మంలోంచి బయటికొస్తున్న మనిషిని చూశాక, తమ గుమ్మం దాటి వెళ్ళిపోతే ఎవరికి మాత్రం బాధగా ఉండదు? మా ఎడ్లు ఎడ్లు కావా అంటారు. రొసమెల్ మొహమాటానికి మూడిళ్ళలోనూ ఆగాడు. హెర్మిందా ఇంటి నుంచి తిరిగొస్తుంటే అవతలి గట్టు మీది వాళ్ళు చూశారు. వాళ్ళనూ అడిగాడు. పొద్దుగూకి ఇంటికి చేరేసరికి మొత్తం ఎనిమిది జతలయ్యాయి.

"మనకి కావలసింది రెండే. మిగతావాళ్ళు నిలబడి చూస్తారు, తిని వెళ్తారు," అన్నాడు భార్యతో, కాస్త తలదించుకుని.

"ఎనిమిది జతలా?" అంది ఒర్ఫెలీనా. తురుము పీట పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "సరే. ఫ్రీజరులో పందిని బయటికి తీస్తా."

అదే సాయంత్రం హెర్మిందా ఇంటి పొయ్యి చుట్టూ ఊళ్ళో సగం మంది చేరారు. రొసమెల్‌ను ఎందుకని అడగకూడదు గానీ, తమలో తాము ఆలోచించుకోవడానికి అడ్డేముంది?

"యంత్రానికైతే రెండు జతలు చాలు," అన్నాడు బాల్దొమెరో. "ఎనిమిది జతలు పిలిచాడు. మన ఊళ్ళో ఎనిమిది జతలు దేనికి కడతారు?"

దానికి జవాబు అందరికీ తెలుసు. ఇల్లు లాగడానికి. మా ఇళ్ళు చెక్క ఇళ్ళు, గుంజల మీద నిలబడతాయి. స్థలం నచ్చకపోయినా, సముద్రం ముందుకొచ్చినా, పక్కింటివాళ్ళతో పడకపోయినా, ఇంటి కింద దుంగలు వేసి ఎడ్లతో లాక్కుపోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే.

"జనరేటరుని పైన రోడ్డు పక్క సిమెంటు అరుగు మీద దించాడు," అంది హెర్మిందా. "కిందికి దించే ఉద్దేశమే ఉంటే ఆ బరువుని పైన ఎవరు పెట్టుకుంటారు? పోయినేడు సముద్రం వాళ్ళ తోటలో ఇంత మేర కొరికేసింది కూడాను. ఇన్నాళ్ళకి బుద్ధి తెచ్చుకున్నాడు."

"నోరు విప్పి చెప్పడుగా మరి. మొండిఘటం," అన్నాడు బాల్దొమెరో. మర్నాడే అడవికెళ్ళి రెండు పొడుగాటి దుంగలు కొట్టాడు.

శుక్రవారం ఆ దుంగల్ని ఒడ్డు వెంట ఈడ్చుకెళ్తుంటే రొసమెల్ చూశాడు.

"దుంగలు బాగున్నాయి బావా."

"నీకు నచ్చాయిగా, అది చాలు," అన్నాడు బాల్దొమెరో.

కొట్టం కట్టుకుంటున్నాడు కాబోలు అనుకుని రొసమెల్ తన దారిన వెళ్ళాడు. ఇంటికొచ్చేసరికి కరెంటు పని చేసే నొల్బెర్తో నిచ్చెన మీదున్నాడు. ఇంటికొచ్చే లైను తీగ విప్పి చుట్ట చుడుతున్నాడు.

"లైనుకీ జనరేటరుకీ మార్చుకునే చేంజోవర్ స్విచ్ బిగించాలంటే విప్పాల్సిందేగా," అన్నాడు రొసమెల్, తనకూ తెలుసన్నట్టు.

"ఎలాగూ విప్పాల్సిందే," అన్నాడు నొల్బెర్తో.

లోపల ఒర్ఫెలీనా పింగాణీ కప్పులన్నీ గొర్రెబొచ్చులో చుట్టి పెట్టెలో సర్దుతోంది.

"ఇదేంటి?"

"జనం వస్తున్నారుగా. పగిలిపోతాయి," అంది ఆవిడ. తర్వాత మొగుడి కోటుకు ఊడిన బొత్తాం కుడుతూ, "రేపు నువ్వు పైనే ఉండు, యంత్రం దగ్గర. కింద సంగతి నేను చూసుకుంటా," అంది.

రొసమెల్‌కు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు తన పథకంలో భార్య ఒక భాగం తీసుకుంది. ఈ జనరేటరును నిలబెట్టి తీరాలని ఆ రాత్రి మరోసారి గట్టిగా అనుకున్నాడు.

శనివారం ఏడింటికే ఆయన పైకెక్కాడు. పొగమంచు దట్టంగా ఉంది, పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. జనరేటరుకు మోకులు కట్టాడు. అరుగు అంచున జారడానికి వీలుగా పలకలు పరిచాడు. మోకులు సరిగా లేవనిపించి విప్పి మళ్ళీ కట్టాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. కింద నుంచి అకార్డియన్ వినిపించింది. నవ్వులు వినిపించాయి, ఏదో సుత్తి దెబ్బలు కూడా వినిపించాయి.

'కట్టెలు కొడుతున్నారు కాబోలు, వంట పెద్దదే,' అనుకున్నాడు. దిగి వెళ్ళి తొందరపెడదామని రెండుసార్లు లేచాడు. కానీ పిలిచినవాడు అతిథుల్ని తొందరపెట్టడం మర్యాద కాదు. లేచినవాడు లేచినట్టే కూర్చున్నాడు.

పదింటికి పొగమంచులోంచి హెర్మిందా వచ్చింది, గుడ్డలో చుట్టిన వేడి బంగాళాదుంప రొట్టెలతో.

"ఒర్ఫెలీనా పంపింది. ఇక్కడే ఉండమంది నిన్ను."

"ఇంకా ఎంతసేపు అత్తా? కల్లు తాగుతూ కూర్చున్నారా?"

"ఆపిల్ కల్లు ఇంకా ముట్టలేదురా. ఇంత పని పెట్టుకుని తాగుతారా ఎవరైనా? ఎడ్లు కట్టారు, బయల్దేరుతున్నారు." ఆవిడ జనరేటరునూ, దానికి బిగించిన మోకులనూ చూసింది. "దీన్నెందుకు కట్టేశావు? ఎక్కడికన్నా పారిపోతుందా?"

రొసమెల్ ముడి సరిచూసుకుని తలెత్తేలోపు ఆవిడ మళ్ళీ పొగమంచులోకి వెళ్ళిపోయింది.

పదకొండు కావస్తుండగా నేల అదిరింది. ముందు కొమ్ములు కనిపించాయి. ఒక జత, దాని వెనక ఇంకో జత, ఇంకో జత. రొసమెల్ లెక్కపెట్టాడు. ఎనిమిది జతలూ ఒకే వరసలో ఉన్నాయి. 'రెండు చాలని చెప్పాల్సింది,' అనుకున్నాడు. 'అయినా కిందికి లాగాల్సినదానికి కింద నుంచే కట్టుకొస్తున్నారేమిటి?' మోకులు బిగుసుకుని పొగమంచులోకి పోతున్నాయి. వాటి చివర ఏదో నల్లగా, ఎత్తుగా, ముక్కుతూ మూలుగుతూ వస్తోంది.

అది ఇల్లు. పైగా ఆయనదే. నీలం రంగు వేసిన తలుపు, వేసవిలో తను మార్చిన పైకప్పు చెక్కలు, అద్దాలు తీసేసిన వంటింటి కిటికీ. ఆ కిటికీలో చేతులు కట్టుకుని ఒర్ఫెలీనా నిలబడి ఉంది. ఇంటికి రెండు వైపులా అరవై డెబ్భై మంది భుజాలు ఆనించి తోస్తున్నారు.

రొసమెల్ దారి మీదికి పరుగెత్తాడు. రెండు చేతులూ పైకెత్తి దారికడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండి," అన్నాడు చివరికి. "ఆపండయ్యా బాబూ."

"వాలు మీద ఆపితే వెనక్కి జారి సముద్రంలో తేలుతుంది," అని కేకేశాడు బాల్దొమెరో, ఎడ్ల పక్కన పరుగెత్తుతూ. "నీ ఇల్లే బావా. నీ ఇష్టం. ఆపమంటావా?"

రొసమెల్ చేతులు దించి పక్కకు జరిగాడు.

ఇల్లు రోడ్డు పక్క చదునులోకి ఎక్కి, వణికి, జనరేటరుకు సరిగ్గా నాలుగు అడుగుల దూరంలో ఆగింది. పడకగది కిటికీ యంత్రానికి ఎదురుగా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు, అకార్డియన్ మళ్ళీ అందుకుంది. బాల్దొమెరో చెమట తుడుచుకుంటూ వచ్చి, యంత్రాన్నీ గోడనూ మార్చి మార్చి చూశాడు.

"ఇంకో అడుగు దగ్గరికి కావాలా?"

డెబ్భై మంది మొహాలు ఆయన వైపే చూస్తున్నాయి. బురద కొట్టుకుపోయి, ఆవిర్లు కక్కుతూ, సంతోషంగా ఉన్నాయి. నేను పిలిచింది దీనికి కాదు అనడానికి రొసమెల్ నోరు తెరిచాడు. అంత సాయం చేసినవాళ్ళతో ఆ మాటన్న మనిషి మళ్ళీ ఈ ఊళ్ళో ఎవరి గుమ్మమూ తొక్కలేడు. తెరిచిన నోటిని మూయడానికి కాస్త టైము పట్టింది. ఆ తర్వాత టోపీ తీశాడు.

"చాలు," అన్నాడు. "సరిగ్గా కుదిరింది. మీ అందరి మేలూ మర్చిపోను."

మధ్యాహ్నం నుంచి భోజనాలు సాగాయి. డెబ్భై మందికి ఏం పెట్టాలి? ఫ్రీజరులో ఏముంటే అది. పంది మొత్తం అయిపోయింది, ఆల్చిప్పలు అయిపోయాయి, వేసవి నుంచి దాచిన గొర్రె తొడ కూడా అయిపోయింది. చీకటి పడేసరికి జనరేటరు కాపాడవలసిన ఫ్రీజరులో ఒక మంచు పళ్ళెం మిగిలింది.

ఇల్లు కుదురుకోవడానికి వారం పట్టింది. కొత్త గుంజలు పాతారు, పొయ్యి గొట్టం నిలబెట్టారు. నొల్బెర్తో లైను కలిపి చేంజోవర్ బిగించాడు. రొసమెల్ ఒడ్డున మిగిలిపోయిన ఖాళీ షెడ్డును రోజూ ఒకసారి చూసొచ్చేవాడు. భార్యతో ఆ విషయం ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్ళు సముద్రం కనిపించిన కిటికీలోంచి ఇప్పుడు ఆవిడకు బస్సు ఆగే చోటు కనిపిస్తోంది. వెలుతురు సంగతి దేవుడెరుగు, ఇందుకే వెళ్ళిపోతుందని ఆయన భయం. ఆవిడ కొత్త సూట్‌కేసు ఒకటి మంచం కిందకి తోస్తుండగా చూశాక ఆ భయం రెట్టింపైంది.

జూలై రెండో వారంలో గాలివాన వచ్చింది. సాయంత్రం అయిదింటికి ఊరంతా ఒక్కసారిగా చీకటైంది. రొసమెల్ ఈ క్షణం కోసమే బతికినట్టు లేచాడు. కోటు వేసుకున్నాడు, బయటికెళ్ళాడు, హ్యాండిలు పట్టి తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ ఊదింది. మూడోసారి అందుకుంది.

అందుకున్నాక గాని తెలియలేదు, పన్నెండు చేపల చెరువులకు కరెంటిచ్చిన యంత్రం ఎలా అరుస్తుందో. గోడ చెక్కలు గడగడలాడాయి. అరలో కప్పులు అంచుదాకా జరిగి, ఒకటి దూకేసింది. కానీ వెలుతురు వచ్చింది. మూడు బల్బులూ మధ్యాహ్నపు ఎండలా వెలిగాయి. ఊళ్ళో వెలుగుతున్నది ఆ ఒక్క ఇల్లే కాబట్టి, రోడ్డు పక్కనే ఉంది కాబట్టి, పావుగంటలో హెర్మిందా వచ్చింది, బాల్దొమెరో భార్యతో వచ్చాడు, నొల్బెర్తో వచ్చాడు. వంటింట్లో పదిహేను మంది అయ్యారు.

"గాలి ఎలా ఉంది?" అని అరిచాడు రొసమెల్, కుర్చీలు లాగుతూ.

"ఎనిమిది," అని తిరిగి అరిచాడు బాల్దొమెరో.

"ఏంటి ఎనిమిది?"

"పందిపిల్లలు. నిన్న ఈనింది."

అలా నలభై నిమిషాలు గడిచాయి. అందరూ ఒకరి పెదాలు ఒకరు చూస్తూ తలలూపారు. అప్పుడు ఒర్ఫెలీనా లేచి, రొసమెల్ చెవి దగ్గర నోరు పెట్టి అంది.

"ఆపేయ్."

ఆయన గబుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "ఆపితే చీకటి," అన్నాడు.

"తెలుసు. ఒక్కరి మాటా వినబడటం లేదు."

"చీకట్లో కూర్చోబెడితే వెళ్ళిపోతానన్నావు."

ఒర్ఫెలీనా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, తనే మీట కిందికి నొక్కింది. యంత్రం రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. చెవులు ఇంకా గింగురుమంటుంటే వానలో చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు.

"ఆ అయిదు రోజులూ నువ్వు ఏడింటికే గుర్రుపెట్టి నిద్రపోయావు," అందావిడ. "ఆ ఒడ్డున గాలి తప్ప నాతో మాట్లాడిన దిక్కు లేదు. అందుకన్నానా మాట. బల్బు కోసమా?"

"అయితే ఆ రోజు... ఇల్లు లాగుతారని నీకు ముందే తెలుసా?"

"గురువారమే తెలుసు, ఎనిమిది జతలనగానే. శుక్రవారం పొద్దున బాల్దొమెరో భార్య వచ్చి, కిటికీ అద్దాలు ముందే తీయమంటావా అనడిగింది. తీయమన్నా."

"ముందే నాతో చెప్పొచ్చుగా, రోడ్డు పక్కకి పోదామని."

"పెళ్ళయిన రెండో ఏడు చెప్పా. ఆలోచిద్దామన్నావు," అంది ఒర్ఫెలీనా.

ముప్పై రెండేళ్ళు ఒక మనిషిని గాలికి వదిలేసి, చివరికి ఆవిడకు తొమ్మిది వందల కిలోల ఇనుము తెచ్చిచ్చానని అప్పుడర్థమైంది ఆయనకు. సిగ్గేసింది. చీకట్లో కన్నీళ్ళు ఎవరికీ కనబడవు గనక కళ్ళు తుడుచుకోలేదు.

"మరి ఆ సూట్‌కేసు?"

"అక్కది. బస్సులో ముందు పంపించింది. ఆదివారం తను వస్తోంది. సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటుంది," అంది ఒర్ఫెలీనా, లోపలికి నడుస్తూ. "బస్సు మన గుమ్మం ముందే ఆగుతుందని చెప్పా."

లోపల పొయ్యి మూత తెరిచారు. ఆ ఎర్రటి వెలుగులో మాతె చేతులు మారింది, హెర్మిందా ఎవరి మీదో చాడీ మొదలుపెట్టింది, అందరికీ చక్కగా వినబడింది. రొసమెల్ ఏడున్నర దాకా మెలకువగా ఉన్నాడు, తర్వాత ఎనిమిదిన్నర దాకా కూడా ఉన్నాడు.

ఆ తర్వాత జనరేటరును ఎవరూ ముట్టుకోలేదు. ఇంకా ఒడ్డునే ఉంటున్న బాల్దొమెరో భార్య మాత్రం ఆగస్టులో మొగుడితో అంది, మనమూ దాన్ని తీసుకుంటే బాగుంటుందని. రొసమెల్ ఊరికే ఇచ్చేస్తానన్నాడు, ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళమన్నాడు.

బాల్దొమెరో ఇంకా ఆలోచిస్తున్నాడు, అతనిది రెండంతస్తుల ఇల్లు, ఎనిమిది జతలు చాలవు.